రాజీనామా కాగితం ఒకసారి ఇంటికి వెళ్లి రావాలి

పైడిభీమవరం దగ్గర మందుల ముడిసరుకు చేసే ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో ఒక ప్రొడక్షన్ బ్లాకు ఆపేశారు. అందులోని పర్మనెంటు వర్కర్లకి చట్టం చెప్పినదానికంటే ఎక్కువిచ్చి, ఇరుపక్షాలకీ సమ్మతమైన పద్ధతిలో లెక్క తేల్చి పంపించే పని మా హెచ్ఆర్ మీద పడింది. తర్వాత బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఇదే పని మరోసారి చేశాం. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి చెయ్యలేదు, కొత్తవి చేశాం. రెండూ కలిపి చూస్తే నాకు తేలింది ఒకటే: మనిషి సంతకం పెట్టాడా లేదా అన్నది ఆఖరి సంగతి. సంతకానికి ముందు ఆ కాగితం ఒకసారి వాళ్లింటికి వెళ్లి వచ్చిందా అన్నది అసలు సంగతి. ఇంటికి వెళ్లని కాగితాలే తర్వాత లేబర్ ఆఫీసుకి వెళ్తాయి.

ముందు పేరు దగ్గర తేల్చుకోవాలి. గేటు బయట అందరూ దీన్ని వీఆర్ఎస్ అనే అంటారు. కాగితం మీద మాత్రం మూడు దారులున్నాయి, మూడింటికీ ఫలితం వేరు. వర్కరు తనంతట తాను మానేస్తే రాజీనామా. యాజమాన్యం స్కీం ప్రకటించి, ఇష్టమున్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే స్వచ్ఛంద పదవీ విరమణ, అసలు వీఆర్ఎస్ అంటే ఇదే. మనుషులు ఎక్కువయ్యారని యాజమాన్యమే తీసేస్తే రిట్రెంచ్‌మెంటు. ఈ మూడోదానికి నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఉండాలి. పెద్ద ఫ్యాక్టరీకైతే నోటీసు మూడు నెలలు, ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. ఆ అనుమతి గీత 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 100 మంది దగ్గర ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది 300కి వెళ్లింది. స్వచ్ఛంద విరమణ రిట్రెంచ్‌మెంటు కిందకి రాదని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెబుతోంది. కంపెనీలు ఈ దారి పట్టేది అందుకే. అయితే 'స్వచ్ఛంద' అన్న ఆ ఒక్క మాట నిలవకపోతే కింద కట్టినదంతా కూలిపోతుంది. అది నోటీసు లేని రిట్రెంచ్‌మెంటు అయి కూర్చుంటుంది. మనిషిని మళ్లీ పనిలోకి తీసుకోమనీ, ఖాళీగా ఉన్న కాలానికి జీతం కట్టమనీ విశాఖ లేబర్ కోర్టు దాకా కేసు నడుస్తుంది.

స్కీం ప్రకటించడానికి ముందు కనీసం మూడు వారాలు సర్వీసు తేదీల మీదే కూర్చోవాలి. ఇది ఎవరికీ నచ్చని పని, అందుకే ఎవరూ సరిగ్గా చెయ్యరు. మన వైపు ఫ్యాక్టరీల్లో చాలామంది మొదట కాంట్రాక్టరు కింద, తర్వాత ట్రైనీగా, ఆ తర్వాత పర్మనెంటుగా లోపలికొచ్చినవాళ్లే. కంపెనీ కంప్యూటర్లో పర్మనెంటు తేదీ ఉంటుంది. మనిషి మనసులో మొదటిసారి గేటు దాటిన తేదీ ఉంటుంది. రెండింటికీ మధ్య రెండేళ్లు, మూడేళ్లు తేడా మామూలే. స్కీంలో ఏ తేదీ లెక్కలోకి తీసుకుంటున్నారో ముందే రాయాలి. ట్రైనీ కాలాన్ని కలుపుతారా? కాంట్రాక్టు కాలాన్ని కలపరా? అప్రెంటిస్ చట్టం కింద చేసిన కాలాన్ని ఏం చేస్తారు? ఇవి రాయకుండా 'సర్వీసు కాలం' అని వదిలేస్తే ప్రతి మనిషితోనూ విడివిడిగా బేరం మొదలవుతుంది. గట్టిగా మాట్లాడగలిగినవాడికి ఒక లెక్క, మెత్తటివాడికి ఇంకో లెక్క వస్తుంది. సాయంత్రానికి రణస్థలం బస్టాండులో అందరి లెక్కలూ అందరికీ తెలుస్తాయి.

లెక్కలో మమ్మల్ని బాగా ఇరికించింది భాగహారం. స్కీంలో 'పూర్తయిన ప్రతి ఏడాదికీ 45 రోజుల జీతం ఎక్స్‌గ్రేషియా' అని రాశాం. ఎక్స్‌గ్రేషియా అంటే చట్టం బాకీలకి పైన యాజమాన్యం తనంతట తానిచ్చే సొమ్ము. రోజు జీతమంటే నెల జీతాన్ని 26తో భాగించాలా, 30తో భాగించాలా అన్నది రాయలేదు. బేసిక్, డీఏ కలిపి 18,200 రూపాయలున్న మనిషిని తీసుకోండి. 26తో భాగిస్తే రోజుకి 700, 45 రోజులకి 31,500. 30తో భాగిస్తే 45 రోజులకి 27,300. పదిహేడేళ్లకి మొదటిది 5,35,500, రెండోది 4,64,100. తేడా 71,400 రూపాయలు. గ్రాట్యుటీకి చట్టమే 26 అంటుంది కాబట్టి వర్కర్లు 26 అనుకున్నారు. నెల జీతాలు 30తో లెక్కేసే అలవాటున్న ఎకౌంట్స్ వాళ్లు 30 అనుకున్నారు. ఎవరూ మోసం చెయ్యలేదు, అయినా రెండు రోజులు గేటు దగ్గర కూర్చున్నారు. రెండోసారి బొబ్బిలిలో స్కీం కాగితం కిందే ఒక ఉదాహరణ లెక్క అచ్చువేశాం. జీతం ఇంత, సర్వీసు ఇంత, భాగించేది ఇంతతో, వచ్చేది ఇంత అని. ఆ ఉదాహరణ ఉన్నాక ఈ గొడవ రాలేదు.

గ్రాట్యుటీ వేరు, ఎక్స్‌గ్రేషియా వేరు అని కాగితం మీద రెండు వరుసల్లో కనిపించాలి. కొన్ని యాజమాన్యాలు 'మొత్తం ఏడు లక్షలు' అని గుండుగుత్తగా మాట్లాడి, అందులోనే గ్రాట్యుటీ కలిపేస్తాయి. అది చెల్లదు. గ్రాట్యుటీ చట్టబద్ధమైన బాకీ, ఒప్పందంతో దాన్ని తగ్గించడం కుదరదు. పై మనిషి సర్వీసు పదిహేడేళ్ల ఏడు నెలలైతే గ్రాట్యుటీకి పద్దెనిమిదేళ్లుగా లెక్క, ఎందుకంటే ఆరు నెలలు దాటిన ముక్క ఏడాది అవుతుంది. 18,200ని 26తో భాగించి 15తో, 18తో గుణిస్తే 1,89,000. ఎక్స్‌గ్రేషియాకి మాత్రం స్కీంలో 'పూర్తయిన' అన్నారు గనక పదిహేడే. ఒకే మనిషికి ఒకే కాగితంలో ఒకచోట 17, ఇంకోచోట 18 కనిపిస్తే వాళ్లకి అనుమానం రావడం సహజం. పక్కనే తెలుగులో ఒక వాక్యం రాసిపెడితే పోతుంది. కొత్త కార్మిక కోడ్‌లలో జీతం నిర్వచనం కూడా మారింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన ముక్కని జీతంలో కలిపే లెక్కకట్టాలి. వర్కర్లకి మన దగ్గర బేసిక్, డీఏ వాటా ఎలాగూ ఎక్కువే కాబట్టి తేడా రాదు. అలవెన్సులు గుమ్మరించిన స్టాఫ్ జీతాల్లో మాత్రం గ్రాట్యుటీ బాగానే పెరుగుతుంది.

రిటైర్మెంటుకి ఆరు నెలలున్న మనిషికి ఏడాదికి 45 రోజుల లెక్కన ఐదు లక్షలు రావడం అర్థం లేని పని. పని చేసినా వాడికి లక్షా తొమ్మిది వేలే వస్తుంది. అందుకే 'లేదా మిగిలిన నెలల జీతం, ఏది తక్కువైతే అది' అన్న ముక్క స్కీంలో ఉంటుంది. ఇది పెట్టకపోతే వయసు మళ్లినవాళ్లందరూ ముందు దరఖాస్తు పెడతారు, మీకు తగ్గాల్సిన చోట మనుషులు తగ్గరు.

పన్ను గురించి రెండు మాటలు. పాత ఆదాయపు పన్ను చట్టంలో 10(10సి) కింద స్వచ్ఛంద విరమణ సొమ్ముకి 5 లక్షల వరకు మినహాయింపు, జీవితంలో ఒక్కసారే. దానికి స్కీం నియమాల ప్రకారం ఉండాలి: పదేళ్ల సర్వీసు గాని నలభై ఏళ్ల వయసు గాని నిండినవాళ్లకి, డైరెక్టర్లు తప్ప అందరికీ వర్తించేలా, ఖాళీ అయిన పోస్టు మళ్లీ నింపకుండా, అదే యాజమాన్యం ఉన్న ఇంకో కంపెనీలో ఆ మనిషిని పెట్టుకోకుండా. ఒక బ్లాకుకే స్కీం అని రాస్తే 'అందరికీ' అన్న షరతు దెబ్బతింటుంది. అందరికీ తెరిచి, ఏ దరఖాస్తు ఒప్పుకోవాలో నిర్ణయించే హక్కు యాజమాన్యం దగ్గర ఉంచుకోవడం నడుస్తున్న పద్ధతి. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి వర్కరు స్థాయిలో పన్ను భయం చాలావరకు పోయింది. సూపర్‌వైజర్లకీ, కెమిస్టులకీ ఇది ఇంకా లెక్కలోకొస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం నడుస్తోంది, పాత స్కీం కాగితం దుమ్ము దులిపి అవే సెక్షన్ నంబర్లు దించెయ్యకండి.

తేదీ ఎంచుకోవడం దగ్గర మనిషికి మేలు చెయ్యొచ్చు, రూపాయి ఖర్చు లేకుండా. ఇది చాలామంది హెచ్ఆర్ వాళ్లకే తెలియదు. పీఎఫ్‌లో పెన్షన్ భాగానికి పదేళ్ల సర్వీసు ఉంటే నెలనెలా పెన్షన్ వస్తుంది. పెన్షన్ స్కీంలో ఆరు నెలలు, ఆపైన ఉన్న ముక్కని ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదేళ్ల ఆరు నెలలుంటే చాలు. తొమ్మిదేళ్ల ఐదు నెలల దగ్గర మనిషిని వదిలేస్తే చేతిలో ఒక్కసారి డబ్బు పెట్టి పంపినట్టు, ఇంకో నెల ఆపితే బతికున్నంతకాలం పెన్షన్ ఇచ్చినట్టు. ఇలాంటివాళ్లని ముందే ఏరి, వాళ్ల రిలీవింగ్ తేదీ జరపాలి. గ్రాట్యుటీకి ఆరు నెలలు 'దాటాలి'. సరిగ్గా ఆరు నెలలకి ఆగితే పోతుంది, ఒక్కరోజు ఎక్కువుంటే వస్తుంది. పై లెక్కలో ఆ ఒక్కరోజు విలువ 10,500 రూపాయలు. యాభై దాటినవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. పెన్షన్ 58కి రావాలి. యాభై నుంచి ముందుగా తీసుకోవచ్చు గాని, ముందుకి జరిపిన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత పడుతుంది, ఆ కోత జీవితాంతం ఉంటుంది. 'ఎలాగూ మానేశాం గదా' అని పెన్షన్ కోరే 10డి ఫారం పెట్టేసినవాళ్లు తర్వాత బాధపడతారు.

ఇక మాట్లాడే పద్ధతి. స్కీం కాగితం తెలుగులో ఉండాలి, ఇంగ్లీషు కాగితానికి అనువాదంలా కాదు, వాళ్లు చదివి ఒకరికొకరు చెప్పుకునేలా. నోటీసు బోర్డు మీద, టైమాఫీసు దగ్గర, క్యాంటీన్లో అంటించాలి. కనీసం నెల రోజుల గడువివ్వాలి. యూనియన్ ఉంటే లేబర్ ఆఫీసర్ ముందు కన్సిలియేషన్‌లో, అంటే రాజీ చర్చల్లో, ఒప్పందం రాసుకోవడం మంచిది. అలా కుదిరింది ఫ్యాక్టరీలో అందరికీ వర్తిస్తుంది, బయట కుదిరింది సంతకం చేసిన పక్షాలకే. అయినా యూనియన్ ఒప్పుకుంది కదా అని ఒక్కో మనిషి ఇష్టాన్ని అడగకుండా ఉండకూడదు. యూనియన్ ఒప్పుకునేది స్కీంకి, ఉద్యోగం వదులుకునేది మనిషి.

ఒక్కొక్కరికీ విడిగా లెక్క కాగితం ఇస్తాం. మేం మొదట ఇచ్చింది ఎకౌంట్స్ వాళ్ల నమూనా: పై నుంచి కింద దాకా పదిహేను వరుసలు, కొన్ని కూడిక, కొన్ని కోత. ఒకాయన దాన్ని ఇంటికి తీసుకెళ్లి మర్నాడు భార్యతో సహా వచ్చాడు. ఆవిడ కాగితం బల్ల మీద పరిచి, వేలితో వరుసలన్నీ దాటుకుంటూ కిందకొచ్చి, 'అదంతా సరే గాని బాబూ, సేతికొచ్చేదెంత?' అంది. మా దగ్గర ఆ ఒక్క అంకె లేదు. పీఎఫ్ ఎప్పుడొస్తుంది, సొసైటీ లోను ఎంత పోతుంది, టీడీఎస్ ఉందా అన్నవి వేరే వేరే కాగితాల్లో ఉన్నాయి. ఆ రోజునుంచి లెక్క కాగితం అడుగున పెద్ద అక్షరాలతో మూడు వరుసలు పెట్టాం: చేతికి ఇప్పుడొచ్చేది, నెల లోపల వచ్చేది, పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చేది. జనం ఆ మూడు వరుసలే చదువుతారు. మిగతా పదిహేనూ వకీలు కోసం.

మాట్లాడేటప్పుడు చెయ్యకూడనివి కొన్ని ఉన్నాయి. సీ షిఫ్టు దిగిన మనిషిని ఉదయం ఆరింటికి కూర్చోబెట్టి మాట్లాడొద్దు. నిద్రలేని మనిషి సంతకానికి విలువుండదు, తర్వాత అదే చెప్తాడు. గది తలుపు మూయొద్దు. సెక్యూరిటీ వాళ్లని గుమ్మంలో నిలబెట్టొద్దు. 'ఈ రోజే ఆఖరు' అనొద్దు. 'సంతకం పెట్టకపోతే ట్రాన్స్‌ఫర్' అనడం అన్నిటికంటే పెద్ద తప్పు, అది బెదిరింపే. కాంట్రాక్టు చట్టం ప్రకారం బెదిరించి తీసుకున్న సమ్మతిని ఆ మనిషి రద్దు చేసుకోవచ్చు. కొందరు మేనేజర్లకి ఈ మాట నోటి చివరే ఉంటుంది. వాళ్లని ఆ గదిలోకి రానివ్వకపోవడమే హెచ్ఆర్ చెయ్యగలిగిన మంచి పని.

'ఏటి రాయాలో మీరే సెప్పండి, సంతకం ఎట్టేత్తాను' అనేవాళ్లు ఎక్కువ. అక్కడే జాగ్రత్త. ఒకే మూసలో టైపు చేసిన ముప్పై రాజీనామాలు, ఒకే తేదీ, ఒకే పెన్ను ఉంటే లేబర్ ఆఫీసర్ మొదటి పేజీ దగ్గరే ఆగిపోతాడు. దరఖాస్తు ఆ మనిషి తన చేతిరాతతో, తన మాటల్లో, తెలుగులో రాయాలి. 'మా అబ్బాయి వైజాగులో ఉద్యోగంలో చేరాడు, పొలం చూసుకుంటాను, స్కీం ప్రకారం విరమణ కోరుతున్నాను' అని రాస్తే రాత తప్పులున్నా అదే బలం. రాయడం రానివాళ్లకి వాళ్లు తెచ్చుకున్న మనిషే రాయాలి, వేలిముద్రకి ఇద్దరు సాక్షుల్లో ఒకరు వాళ్లవాళ్లై ఉండాలి. సాక్షులిద్దరూ హెచ్ఆర్ క్లర్కులే అయితే సాక్ష్యం లేనట్టే.

దరఖాస్తు పెట్టాక వెనక్కి తీసుకునే గడువు కనీసం ఏడు రోజులు ఇవ్వండి. ఇవ్వకపోయినా, భవిష్యత్ తేదీతో ఇచ్చిన రాజీనామాని ఆ తేదీ లోపల వెనక్కి తీసుకోవచ్చని 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మనమే గడువు రాస్తే అది మన చేతిలో ఉంటుంది. వెనక్కి తీసుకున్నవాడి మీద మర్నాటినుంచి మొహం మాడ్చుకోకూడదు, మిగతావాళ్లు చూసేది అదే. మరోవైపు, సొమ్ము తీసుకుని వెళ్లిపోయాక ఉద్యోగ సంబంధం తెగిపోయినట్టేనని, తర్వాత పెరిగిన జీతాల్లాంటివి అడగడం కుదరదని 2003లో ఎ.కె. బిందాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఒప్పందం నిజంగా ఇష్టంతో జరిగితే కంపెనీకి దానికి మించిన రక్షణ లేదు. 'నా సర్వ హక్కులూ వదులుకుంటున్నాను' అన్న వాక్యం దండగ. దాని బదులు ఏయే ఖాతాల కింద ఎంత ముట్టిందో వరసగా రాయించుకోండి.

బాకీలేవీ లేవని రాసే నో డ్యూస్ కాగితం చిన్నదే గాని రోజులు తినేస్తుంది. స్టోర్స్, టూల్ రూము, క్యాంటీన్, టైమాఫీసు, లాకరు తాళం, గ్యాస్ మాస్కు, హెల్మెట్, క్వార్టర్సులో ఉంటే కరెంటు బిల్లు. దరఖాస్తు ఒప్పుకున్న రోజే ఇది మొదలుపెట్టాలి, ఆఖరి రోజుకి వదిలితే స్టోర్స్ క్లర్కు సెలవులో ఉంటాడు. ఉద్యోగుల క్రెడిట్ సొసైటీ లోను ఉంటే గ్రాట్యుటీలోంచి కొయ్యొద్దు, గ్రాట్యుటీకి జప్తు లేకుండా చట్టం రక్షణ ఉంది. మనిషి రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఎక్స్‌గ్రేషియాలోంచి కొయ్యొచ్చు. ఆ లోనుకి హామీ సంతకం పెట్టిన తోటి వర్కరు లోపలే ఉంటాడని మర్చిపోకండి. బాకీ తేలకుండా ఒకరు వెళ్లిపోతే కోత రెండోవాడి జీతంలో మొదలవుతుంది.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి? పని మానేసిన మనిషి జీతం బాకీ కొత్త వేతన కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో పడాలి. మిగిలిన సెలవుల డబ్బు కూడా పాత ఫ్యాక్టరీల చట్టమే అదే గడువులో ఇమ్మంది. గ్రాట్యుటీకి 30 రోజులు, ఆలస్యమైతే వడ్డీ. వర్కరు ఫారం పెట్టినా పెట్టకపోయినా లెక్కకట్టి ఇవ్వాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. ఎక్స్‌గ్రేషియాకి చట్టం గడువు లేదు, ఒప్పందంలో రాసుకున్నదే గడువు. నా మట్టుకు రిలీవింగ్ లెటరు చేతికిచ్చిన రోజే ఎక్స్‌గ్రేషియా ఖాతాలో పడాలి. 'రెండు విడతల్లో' అన్న మాట విన్నప్పుడు వర్కర్లు మూసేసిన జూట్ మిల్లుల బాకీలు గుర్తు తెచ్చుకుంటారు, తప్పేం లేదు.

ఏ ఖాతాలో వెయ్యాలో కూడా అడగాలి. జీతం పడే ఖాతా మీద పర్సనల్ లోను, బంగారం లోను వాయిదాలుంటాయి. నాలుగు లక్షలు పడగానే బ్యాంకు పాత బాకీ కింద పట్టేసుకుంటే, ఆ సాయంత్రమే మనిషి గేటు దగ్గరికొచ్చి కంపెనీనే అడుగుతాడు. లోనున్నవాళ్లని ముందే బ్యాంకుకి వెళ్లి మాట్లాడుకోమనాలి. కావాలంటే భార్యతో కలిపి జాయింటు ఖాతా ఇస్తామంటే తీసుకోవాలి, అడ్డు చెప్పడానికేం లేదు.

పీఎఫ్‌లో ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ పేరు దగ్గరే. అప్పలనాయుడు అన్న పేరు ఆధార్‌లో ఒకే మాటగా, పీఎఫ్‌లో రెండు మాటలుగా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పుట్టినతేదీ బడి సర్టిఫికెట్లో ఒకటి, ఆధార్‌లో జులై 1. మనిషి రోల్స్‌లో ఉండగా వర్కరూ యాజమాన్యమూ కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ పెట్టి సరిచేయించడం సులువు, యాజమాన్యం సంతకం పక్క గదిలోనే దొరుకుతుంది. వెళ్లిపోయి మద్రాసులోనో హైదరాబాదులోనో పనిలో ఉన్నాక అదే పని ఆర్నెల్లు. అందుకే దరఖాస్తుతోపాటే ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడాలి. ఇంతకుముందు కాంట్రాక్టరు దగ్గర వేరే యూఏఎన్ ఉంటే ముందు దాన్ని కలిపించాలి, లేకపోతే పైన చెప్పిన తొమ్మిదిన్నరేళ్లు రెండు ముక్కలైపోతాయి. ఆఖరి నెల చందా రిటర్ను వేశాక, ఆ నెల తర్వాతి 15లోపు, ఎగ్జిట్ తేదీ పెట్టేయాలి. ఆ తేదీ, రిలీవింగ్ లెటర్లో తేదీ ఒకటే కావాలి. మనం పెట్టకపోతే మనిషి తనంతట తాను పెట్టుకోడానికి రెండు నెలలు ఆగాలి.

ఇప్పుడు ఈఎస్ఐ, మొదటిసారి మేం తప్పు చేసిన సంగతి. జీతం 21,000 లోపున్నవాళ్లకి ఈ కార్డే ఇంటికి ఆసుపత్రి. ఉద్యోగం పోగానే కార్డు పోతుందనుకుంటారు, పోదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా చందా కట్టినదానికి లాభం తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా నడుస్తుంది. అక్టోబరు-మార్చి చందాకి జులై-డిసెంబరు. కాబట్టి సెప్టెంబరు 30న వెళ్లినవాడికి మరుసటి జూన్ దాకా వైద్యం ఉంటుంది. దానికంటే పెద్దది ఇంకోటుంది. కనీసం ఐదేళ్లు బీమాలో ఉండి, రిటైరైనా, స్వచ్ఛంద విరమణ స్కీంలో వెళ్లినా, ఏడాదికి 120 రూపాయలు కట్టి తనకీ జీవిత భాగస్వామికీ వైద్యం కొనసాగించుకోవచ్చు. రాజీనామా చేసినవాడికి ఇది లేదు. కిడ్నీ జబ్బులెక్కువున్న ఉద్దానం వైపు నుంచి వచ్చి స్థిరపడి, భార్యాభర్తల్లో ఒకరు డయాలసిస్ మీదున్న కుటుంబానికి ఈ 120 రూపాయల రసీదు ఎక్స్‌గ్రేషియా కంటే విలువైనది. మా మొదటి జాబితాలో టైపిస్టు అలవాటుగా రిలీవింగ్ లెటర్లన్నిటిలో 'రాజీనామా అంగీకరించడమైనది' అని కొట్టేశాడు. మేం చూడకుండా సంతకం పెట్టాం. ఈఎస్ఐ వాళ్లు కార్డు తిప్పి పంపాక అన్నీ వెనక్కి తెచ్చి 'స్వచ్ఛంద పదవీ విరమణ స్కీం కింద' అని మార్చి ఇచ్చాం. అదే ఈఎస్ఐలో నిరుద్యోగ భత్యం మాత్రం స్వచ్ఛందంగా వెళ్లినవాళ్లకి రాదు, ఆ ఆశ ముందే పెట్టకండి.

జీతంలోంచి ప్రీమియం కోసే ఎల్ఐసీ పాలసీల జాబితా తీసి, ఆఖరి కోత ఏ నెలదో రాసి చేతికివ్వాలి. నెలవారీ పాలసీకి గడువు పదిహేను రోజులే, మనిషి తేరుకునేలోపు పాలసీ పోతుంది. గ్రూపు ఇన్సూరెన్సు ఏ తేదీన ఆగుతుందో కూడా అదే కాగితంలో రాయాలి.

సర్వీసు సర్టిఫికెట్ గురించి ఎవరూ పట్టించుకోరు. 'ఆపరేటర్‌గా పనిచేశారు, నడవడిక బాగుంది' అన్నది పరవాడ ఫార్మా సిటీలో పనికిరాదు. ఏ యంత్రం మీద ఎన్నేళ్లు చేశాడన్నది రాయాలి: గ్లాస్ లైన్డ్ రియాక్టరు, సెంట్రిఫ్యూజు, డ్రయ్యరు, సాల్వెంట్ రికవరీ. నలభై ఐదేళ్ల మనిషికి రెండో ఉద్యోగం ఆ నాలుగు వాక్యాల మీదే దొరుకుతుంది.

ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ఉండాలి కూడా. ముప్పై మందిలో ముప్పై మందీ ఒప్పుకుంటే నాకైతే భయమేస్తుంది. వాళ్లని వేరే బ్లాకులో సర్దాలి, జీతం, గ్రేడు తగ్గకుండా. ఆ చోట్లు స్కీం ప్రకటించకముందే చూసి పెట్టుకోవాలి. లేకపోతే 'కాదు' అన్నవాడికి మన దగ్గర జవాబుండదు, అప్పుడే ఆ తలుపు మూసి మాట్లాడే మేనేజరు లోపలికొస్తాడు.

ఇంకో తప్పు మూడు నాలుగు నెలలకి బయటపడుతుంది. పక్క బ్లాకు సూపర్‌వైజరుకి చెయ్యి తిరిగిన మనిషి కావాలి, వెళ్లిపోయినవాడికి ఫోను చేస్తాడు, కాంట్రాక్టరు మస్టర్లో పేరెక్కిస్తాడు. ఇద్దరికీ సౌకర్యమే. అదే గేటు, అదే మనిషి, సగం జీతం. ఇది చూపిస్తే 'పోస్టు మళ్లీ నింపం' అన్న పన్ను షరతు పోతుంది, మనుషులు ఎక్కువయ్యారన్న మాట అబద్ధమని తేలుతుంది. వెళ్లినవాళ్ల జాబితా గేటు సెక్యూరిటీ దగ్గరా, కాంట్రాక్టర్ల దగ్గరా ఉంచాలి.

బోనస్ కూడా మర్చిపోతారు. ఆ ఆర్థిక సంవత్సరంలో 30 రోజులు పనిచేసినా, అర్హత జీతంలో ఉంటే, కనీసం 8.33 శాతం బోనస్ బాకీ ఉన్నట్టే. లెక్కల సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల్లోపు ఇవ్వాలి. మన దగ్గర సాధారణంగా దసరాకి, సిరిమానోత్సవానికి ముందు ఇస్తారు. ఆ జాబితా వేసే క్లర్కు అప్పుడు రోల్స్‌లో ఉన్నవాళ్ల పేర్లే తీస్తాడు. అందుకే వెళ్లిపోయినవాళ్ల ఫైలు మీద బ్యాంకు ఖాతా, ఫోను నంబరుతోపాటు 'బోనస్ ఇవ్వాలి' అని ఎర్ర ఇంకుతో రాసి, ఎకౌంట్స్ బీరువాలో కాకుండా మా బల్ల సొరుగులోనే పెట్టుకున్నాం. పండక్కి పది రోజుల ముందు ఆ సొరుగు తెరిచి జాబితాతో పోల్చితే ఏడుగురి పేర్లు లేవు. చేర్పించాం.